బ్రేకులు పట్టేస్తున్నాయి: రెసిడ్యువల్ వాల్వ్ తీసేయాలా?

మోడల్‌ఏ31: 1931 ఫోర్డ్ మోడల్ ఏ. కంపెనీ రాడ్ బ్రేకులు తీసి, నాలుగు చక్రాలకూ 1939-48 ఫోర్డ్ హైడ్రాలిక్ డ్రమ్ములు వేశాం. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ను చక్రాలకు తోసేది) ఫ్లోర్ కింద ఉంది. చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటుంది. కాస్త దూరం నడిచాక నాలుగూ పట్టేస్తాయి, చల్లారితే వదులుతాయి. 10 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 10 పౌండ్ల) రెసిడ్యువల్ వాల్వ్ తీసేయమంటున్నారు. తీయవచ్చా?

రాడ్‌బ్రేక్: తీసేయండి. పెడల్ వదిలాక కూడా లైన్లో కాస్త ప్రెషర్ నిలబెట్టడమే దాని పని. డిస్కులకు 2 పీఎస్‌ఐ చాలు. అక్కడ 10ది పెడితే ప్యాడ్లు రాసుకుంటూనే ఉంటాయి.

డ్రమ్ముషూ: డిస్కుల విషయంలో నిజమే, కానీ ఇవి డ్రమ్ములండీ. అంగుళం బోరు పిస్టన్ మీద 10 పీఎస్‌ఐ అంటే దాదాపు 8 పౌండ్ల తోపు. డ్రమ్ముకు ఒరుసుకునే షూలను వెనక్కి లాగే రిటర్న్ స్ప్రింగుల ముందు అది నిలవదు. వాల్వ్ తీస్తే వీల్ సిలిండర్ (చక్రం దగ్గర షూలను తోసేది) రబ్బరు కప్పుల అంచులు వదులై గాలి లాక్కుంటాయి, పెడల్ రెండుసార్లు తొక్కితే గానీ బ్రేకు అందదు.

వేడెక్కాకే పట్టేస్తోందంటే నా అనుమానం పెడల్ నుంచి మాస్టర్ సిలిండర్ పిస్టన్‌ను తోసే పుష్‌రాడ్ మీదే. రాడ్‌కి ప్లే (కాస్త ఖాళీ) లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాదు, దాని రబ్బరు కప్పు, ఆయిల్ తిరిగి రిజర్వాయర్లోకి పోయే కాంపెన్సేటింగ్ రంధ్రాన్ని మూసేస్తుంది. వేడికి వ్యాకోచించిన ఆయిల్ రిజర్వాయర్లోకి పోలేక షూలను తోస్తుంది. షూలు రాసుకుని ఇంకా వేడి. రాడ్ దగ్గర 1.5 మి.మీ. ప్లే ఉండాలి, 6:1 పెడల్ (పాదం 6 మి.మీ. కదిలితే రాడ్ 1 మి.మీ. కదిలేది) అయితే పాదం కింద 9 మి.మీ. పెడల్‌కి సొంత రిటర్న్ స్ప్రింగ్, స్టాపర్ ఉన్నాయో లేదో కూడా చూడండి, కన్వర్షన్లలో ఎక్కువమంది వదిలేసేది అదే.

రాడ్‌బ్రేక్: వాల్వ్‌లో మురికి చేరి ఇరుక్కుంటే?

డ్రమ్ముషూ: అలాగైతే చల్లగా ఉన్నప్పుడు కూడా, మొదటి తొక్కుకే పట్టేయాలి కదా. తేల్చుకోవడం తేలికే. సమతల నేల మీద చక్రాలకు అడ్డు పెట్టి, బ్రేకులు పట్టేసి ఉండగానే మాస్టర్ సిలిండర్ బిగింపు బోల్టులు వదులు చేసి దాన్ని పుష్‌రాడ్ నుంచి 2 మి.మీ. దూరంగా జరపండి. చక్రాలు వదిలితే తప్పు రాడ్‌దే. వదలకపోతే సిలిండర్ దగ్గర పైపు నట్టు సడలించండి. అప్పుడు వదిలితే రంధ్రమో, వాల్వో. అప్పటికీ వదలకపోతే గొట్టాలు, స్ప్రింగులు, షూ సర్దుబాటు చూడాలి.

రంధ్రం సంగతి తేలాలంటే చల్లారాక రిజర్వాయర్ మూత తీసి పెడల్ మెల్లగా ఒత్తించండి, కళ్లకు అద్దాలు పెట్టుకుని చూడండి. ఒత్తుడు మొదలవగానే ఆయిల్ సన్నటి బుగ్గలా పైకి చిమ్మాలి. చిమ్మకపోతే రంధ్రం మూసుకుంది. ఎప్పుడైనా పొరపాటున ఇంజన్ ఆయిల్ పోసి ఉంటే కప్పు ఉబ్బి మూసేస్తుంది. అప్పుడు రబ్బర్లన్నీ మార్చి, లైన్లు కడిగి, డాట్ 3 బ్రేక్ ఆయిల్ పోయాలి.

మోడల్‌ఏ31: పెడల్‌కి స్టాపర్ లేదు. దాంతోనే మొదలుపెడతాను, వాల్వ్ ముట్టుకోను.