పియానో కీ బుషింగుల ఫెల్ట్‌ను అణచే ఇత్తడి ముక్క మందం ఎంత ఉండాలి?

ఒక పాత అప్‌రైట్ పియానోలో కీల ముందువైపు గాడులకు కొత్త ఉన్ని ఫెల్ట్ (దీన్నే బుషింగ్ అంటారు) అతికించి, జిగురు పూర్తిగా ఆరాక, దానిని గాడిలోకి దూరి కీని పక్కలకు ఊగకుండా పట్టే లోహపు పిన్నుకు సరిపడేలా అణచడానికి నేనే ఒక పనిముట్టు తయారు చేసుకున్నాను. పిన్నుల మందం 3.7 మిల్లీమీటర్లు, ఇత్తడి పట్టీని ఆకురాయితో 3.8 మిల్లీమీటర్లకు అరగదీసి, అంచులు నునుపు చేసి, ఉష్ణోగ్రతను మార్చుకోగలిగే సోల్డరింగ్ ఐరన్‌కు బిగించాను.

నీళ్లు, ఆల్కహాల్ సమపాళ్లలో కలిపి ఫెల్ట్‌కు రెండు వైపులా ఒక్కో చుక్క వేసి, 110 డిగ్రీల సెల్సియస్ వేడిలో ముక్కను 15 సెకన్లు ఉంచితే, తీసిన వెంటనే కీ స్వేచ్ఛగా కదులుతుంది, పక్కలకు ఊగదు. అయితే మర్నాటికి ఫెల్ట్ మళ్లీ ఉబ్బి, నొక్కిన కీ మందకొడిగా పైకి లేస్తోంది.

సమయాన్ని 30 సెకన్లకు పెంచినా, తడి లేకుండా ప్రయత్నించినా ఫలితం మారలేదు. 150 డిగ్రీల వద్ద ఉన్ని కమిలిన వాసన రావడంతో ఆపేశాను. పిన్నులను మెరుగుపెట్టాను, బ్యాలెన్స్ రైలు (కీలు మధ్యలో ఆనుకుని పైకీ కిందకీ ఊగే పట్టీ) వైపు బిగుతు లేదని కూడా నిర్ధారించుకున్నాను. శ్రావణంతో ఫెల్ట్‌ను నొక్కే పద్ధతి చెక్కను కూడా నలిపేస్తుందన్న భయంతో దాని జోలికి పోలేదు.

ఇలా వేడితో అణచిన ఫెల్ట్ తిరిగి ఉబ్బినా చివరకు సరైన కొలత వద్ద నిలవాలంటే, ఇత్తడి ముక్కను పిన్ను కంటే ఎంత మందంగా చేసుకోవాలి?