నరానికి తొడుగా, పొరా?

ఒంగోలు టీచరమ్మ:
నర్సింగ్ పిల్లలకు తెలుగులో నోట్సు రాస్తున్నాను. చేతుల్లోకీ కాళ్లలోకీ పోయే నరాల చుట్టూ మూడు రక్షణలుంటాయి కదా. నరం మొత్తాన్నీ చుట్టి ఉండేది ఎపిన్యూరియం. లోపల పోగులు కట్టలు కట్టలుగా ఉంటాయి, ఒక్కో కట్టను చుట్టేది పెరిన్యూరియం. కట్ట లోపల పోగుపోగుకీ మధ్య ఉండే మెత్తటిది ఎండోన్యూరియం. వీటికి బాహ్య నాడీ తొడుగు, మధ్య నాడీ తొడుగు, అంతర నాడీ తొడుగు అని రాసుకున్నా. "గర్భస్థ శిశువునందు నాడీ తొడుగులు ఏర్పడు విధానము" అని శీర్షిక కూడా పెట్టా. తీరా పైకి చదివితే నాకే నోరు తిరగడం లేదు. ఇంతకంటే మంచి మాటలుంటే చెప్పండి.

కావలి మాస్టారు:
అమ్మా, నాకు తొడుగు దగ్గరే పేచీ. తొడుగు అంటే తొడిగేది. చొక్కా, ఉంగరం, గాజు, అన్నీ ముందే తయారై ఉండాలి, ఒకరు తెచ్చి తొడగాలి. కడుపులో బిడ్డ నరానికి ఎవరు తెచ్చి తొడుగుతారు? పొర అలా కాదు. కాచిన పాలు చల్లారితే పొర కడుతుంది. ఉన్నచోటే, ఉన్నదాంట్లోంచే పుడుతుంది. 'కట్టడం' అనే క్రియ కూడా ఆ మాటకు అంటుకునే వస్తుంది, మీరు 'ఏర్పడు విధానము' అని దేవులాడక్కర్లేదు.

నెల్లూరు థియేటర్ సిస్టర్:
ముందు నరమనాలా, నాడి అనాలా తేల్చండి మాస్టారూ. మా దగ్గర "నరానికి సూది" అంటే సెలైన్ ఎక్కించే రక్తనాళం. నాడి అంటే మణికట్టు పట్టుకుని చూసేది. రెండూ రక్తానివే అయిపోయాయి, అసలు నరానికి పేరు లేకుండా పోయింది.

కావలి మాస్టారు:
అది నిజమే తల్లీ. నరం తమిళులకు నరంబు, కన్నడిగులకు నర, మనందరి ఉమ్మడి మాట. పాత తమిళంలో యాళ్ అనే వాద్యం తీగ కూడా నరంబే. సన్నగా, పొడుగ్గా, లాగితే బిగిసేదల్లా నరమే అయింది, అందుకే ఈ గందరగోళం. అయినా నేను నరం వైపే. మొదటి పేజీలో 'ఇక్కడ నరమంటే రక్తం పారేది కాదు, కబురు మోసేది' అని ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది.

పొదలకూరు నిమ్మతోట:
ఇందాకట్నించి చదవతా ఉండా. టీచరమ్మ చెప్పేవన్నీ నిమ్మకాయలోనే ఉండాయి గదా! అడ్డంగా కోసి చూడండి. కాయనంతా పట్టుకోనుండేది తోలు, దానికింద తెల్లది. లోపల తొనలు, ఏ తొన పొర ఆ తొనకే. తొనలో రసం తిత్తులు. కట్ట గిట్ట ఎందుకు, తొన అని రాసుకోండి.

ఒంగోలు టీచరమ్మ:
అన్నా, తొన! నెల రోజుల నుంచి వెతుకుతున్న మాట ఇది. నరాన్ని అడ్డంగా కోసి మైక్రోస్కోపులో చూస్తే అచ్చం అలాగే ఉంటుంది.

నెల్లూరు థియేటర్ సిస్టర్:
తెగిన నరాన్ని కలిపేటప్పుడు డాక్టర్లు ఎక్కువగా ఆ పై తోలుకే కుట్లు వేస్తారు, వెంట్రుక కంటే సన్నటి దారంతో. తొనకు తొన కలిపి కుట్టడమూ ఉంది కానీ అది ఇంకా సున్నితమైన పని. ఈ మాటలతో చెబితే మా కొత్త పిల్లలకు వెంటనే ఎక్కుతుంది.

పొదలకూరు నిమ్మతోట:
ఒక్క సందేహం. నిమ్మపిందె కోస్తే ముందు తోలూ, తొనల గదులూ కనపడతాయి. రసం తర్వాతెప్పుడో నిండుద్ది. నరం కూడా అట్నేనా?

ఒంగోలు టీచరమ్మ:
లేదన్నా, సరిగ్గా తిరగేసి. నరంలో ముందు పోగులే వస్తాయి. అయిదారు వారాల పిండంలో చేతులూ కాళ్లూ ఇంకా మొగ్గల్లా ఉన్నప్పుడే పోగులు గుంపుగా అందులోకి పాకుతాయి, ష్వాన్ కణాలకు (అంటే పోగులను చుట్టి కాపాడే కణాలకు) తల్లికణాలు వాటిని అంటిపెట్టుకుని వెళతాయి. అప్పటికి తొన పొర అనేదే లేదు. తర్వాత చుట్టుపక్కల కణాలు వరసకట్టి, బల్లపరుపుగా సాగి, ఒకదాని మీద ఒకటి పొరలవుతాయి. పెద్ద నరాల్లో ఒక్కో తొన చుట్టూ ఇవి పదిహేను వరసల దాకా ఉండొచ్చు, నరం కొసకు వచ్చేసరికి తగ్గుతూ ఒక్క వరసే మిగులుతుంది. నాలుగో నెలలో లోపలి పోగులకు కొవ్వుతో కూడిన మయలిన్ అనే పూత పట్టడం మొదలవుతుంది. తొన పొర కణాల మధ్య అతుకులు బాగా బిగిసేది మాత్రం ఇంకా చాలా తర్వాతే. రక్తంలోంచి ఏది పడితే అది పోగుల దగ్గరకు చేరకుండా ఆపే గోడల్లో అదొకటి.

అసలు తమాషా ఇంకోటుంది. 1999లో ఎలుకల మీద తేలిందేమిటంటే, లోపలున్న ష్వాన్ కణాలే బయటి కణాలకు 'రండి, పొర కట్టండి' అని కబురు పంపుతాయి. ఆ కబురు ఒక ప్రొటీను, పేరు డెసర్ట్ హెడ్జ్‌హాగ్. (నవ్వకండి, ముళ్లున్న ఒక చిన్న జంతువు పేరే పెట్టారు.) అది లేని ఎలుకల్లో తొన పొర పల్చగా, అస్తవ్యస్తంగా తయారైంది, ఆపాల్సినవి దాంట్లోంచి కారి లోపలికి పోయాయి. లోపల చిల్లర తొనలు బోలెడు పుట్టుకొచ్చాయి.

కావలి మాస్టారు:
అయితే 'పొర కడుతుంది' కూడా చాలదమ్మా. మనం ఇల్లు కడతామా? మేస్త్రీ కడతాడు, మనం కట్టించుకుంటాం. 'నరం తన పొరను తానే కట్టించుకుంటుంది' అని రాయండి. కట్టేవాళ్లు వేరు, కట్టమని పురమాయించేది నరం, ఆ ఇల్లూ నరానిదే. మూడూ ఒక్క క్రియలో ఇమిడిపోయాయి చూడండి.

నెల్లూరు థియేటర్ సిస్టర్:
బాగుంది సార్. కానీ తేలింది ఎలుకల్లో కదా, పరీక్షలో పిల్లలు మనిషికి రాసేస్తే?

ఒంగోలు టీచరమ్మ:
ఆ వాక్యం ముందు 'ఎలుకల్లో చూసినదాన్ని బట్టి' అని చేరుస్తాను. కాబట్టి ఎపిన్యూరియం నరం తోలు, పెరిన్యూరియం తొన పొర. ఇక మిగిలింది ఎండోన్యూరియం. తొన లోపల పోగుపోగుకూ మెత్తగా ఆనుకుని ఉండేదానికి ఏమందాం?

కావలి మాస్టారు:
పొత్తిళ్లు అనండి. పసిబిడ్డలా ఒక్కో పోగూ పొత్తిళ్లలో ఉన్నట్టు.

పొదలకూరు నిమ్మతోట:
మాస్టారూ, పొత్తిళ్లు ఎవురో ఒకరు తెచ్చి చుట్టాలి గదా. తొడుగుకి ఒక న్యాయం, పొత్తిళ్లకి ఒక న్యాయమా?

కావలి మాస్టారు:
దొరికిపోయాను. రేపటిదాకా టైమివ్వు అబ్బాయ్.