మిషన్ క్లినిక్‌లో ఫీజు ఉండాలా, తీసేయాలా? (మలావీ)

మలావీ_సిస్టర్
నేను ఆఫ్రికాలోని మలావీలో ఒక పల్లె మిషన్ క్లినిక్‌లో నర్సుగా చేస్తున్నాను. ఇక్కడ ప్రభుత్వ హెల్త్ సెంటర్‌లో అంతా ఉచితం, కానీ మాకు దగ్గరలో లేదు. మా దగ్గర చూపించుకోవడానికి, మందులకు కొంత ఫీజు ఉంటుంది. కాన్పులకు మాత్రం ఒప్పందం ప్రకారం ప్రభుత్వమే మాకు కడుతుంది. హెచ్‌ఐవీ, టీబీ మందులు కూడా ఉచితమే. మిగతావాటికి జనమే కట్టాలి.

అసలు బాధ జనవరి, ఫిబ్రవరిలో. వానలకు మలేరియా విరగబడేది అప్పుడే. ఇళ్లలో మొక్కజొన్న అడుగంటేదీ అప్పుడే, కోత ఏప్రిల్‌కి గానీ రాదు. చేతిలో పైసా లేని నెలల్లోనే పిల్లలకు జ్వరం. తల్లి రెండు రోజులు ఆగుతుంది, కోడిని అమ్ముతుంది, అప్పుడు సైకిల్ టాక్సీ ఎక్కి వస్తుంది. అప్పటికి బిడ్డ అరచేతులు తెల్లగా పాలిపోయి ఉంటాయి. రక్తం ఎక్కించడానికి జిల్లా ఆసుపత్రికి పంపాలి. మొదటిరోజే వస్తే మూడు రోజుల మాత్రలతో పోయేది. ఫీజు తీసేయాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

పల్నాడు_గాలి
ముందు ఇది చెప్పండి మేడమ్. మీ క్లినిక్‌లో పొద్దున ప్రార్థన అయ్యాకే రోగుల్ని చూస్తారా?

బ్లాంటైర్_బాబాయ్
చాలా ఏళ్లుగా ఈ దేశంలో వ్యాపారం చేస్తున్నాను, నా మాట వినమ్మా. ఉచితం అని బోర్డు ఉన్నచోట పారాసిటమాల్ ఉండదు. మా షాపులో కుర్రాళ్లు అక్కడ చీటీ రాయించుకుని మందు బయట కొంటారు. 2023 నవంబర్‌లో క్వాచా (ఇక్కడి డబ్బు) విలువ తగ్గించారు, ఒక్క దెబ్బన డాలర్ ధర 44 శాతం పెరిగింది. మందులు చాలావరకు బయటి దేశాల నుంచి వచ్చేవే. మీ ఫార్మసీ బిల్లు ఎవరు కడుతున్నారో మీకు తెలుసా? ఆ కోడి అమ్మిన తల్లే.

లుసాకా_అన్న
పక్కనే జాంబియాలో 2006లో గ్రామీణ జిల్లాల్లో ఫీజులు ఎత్తేశారు, మిషన్ వాళ్లకు కూడా. జనం వెల్లువలా వచ్చారు. మరి అంతకుముందు వాళ్లంతా ఎక్కడున్నట్టు? ఇళ్లలో జ్వరంతో పడి ఉన్నట్టేగా. మందులు తక్కువపడ్డాయి, నర్సులకు చాకిరీ పెరిగింది, అదీ నిజమే. అయినా ఫీజు పెట్టి రోగిని ఆపితే మందు మిగిలిందని లెక్క చూపించుకోవడం తప్ప ఒరిగేదేమీ లేదు.

పల్నాడు_గాలి
నా ప్రశ్నకు జవాబు రాలేదు.

మలావీ_సిస్టర్
చెప్తున్నానండి. ఏడున్నరకు వరండాలో ప్రార్థన, ఓ ఇరవై నిమిషాలు. రాత్రి డ్యూటీ నర్సు అప్పటికి వార్డులోనే ఉంటుంది. ఫిట్స్‌తో బిడ్డ వస్తే పాట మధ్యలోనే లేచి వెళ్తాం. నిజం చెప్పాలంటే పాట అందుకునేది రోగులే, మాకంటే బాగా పాడతారు. ఆ తర్వాత దోమతెర గురించో, నీళ్లు కాచుకోవడం గురించో ఒకరు మాట్లాడతారు. ఈలోపు హెల్త్ పాస్‌పోర్టులు (ఎవరి చికిత్స పుస్తకం వాళ్లే తెచ్చుకుంటారు) వచ్చిన వరుసలో దొంతర పెడతాం. తర్వాత క్లినికల్ ఆఫీసర్ చూడ్డం మొదలుపెడతాడు. మా దగ్గర డాక్టర్ లేరు, ఆయనే అన్నీ. పసిపిల్లల్ని దూలానికి వేలాడే కాటాలో తూస్తాం. రోగులతో వచ్చినవాళ్లు వెనక షెడ్డులో న్సిమా (మొక్కజొన్న పిండి ముద్ద) వండుకుంటూ ఉంటారు, ఆసుపత్రి భోజనం అనేది లేదు. మధ్యాహ్నానికి మలేరియా టెస్ట్ కిట్ల డబ్బాలు ఖాళీ. ఇందులో ప్రార్థన వల్ల ఎవరికి నష్టం జరిగిందో చెప్పండి.

పల్నాడు_గాలి
నష్టం గురించి నన్నడుగుతున్నారా? మా అమ్మకు ఆపరేషన్ కోసం ఒక మిషన్ ఆసుపత్రికి తీసుకెళ్లాం. మంచం పక్కన నిలబడి ప్రార్థన చేశారు, చేతిలో కరపత్రం పెట్టారు. డిపాజిట్ కట్టేదాకా మంచం మీద దుప్పటి మాత్రం వెయ్యలేదు. మా నాన్న బస్సెక్కి ఊరెళ్లి చేబదులు తెచ్చాడు. దేవుడి పేరు చెప్పి డబ్బు అడిగేవాడి కంటే డబ్బే అడిగే ప్రైవేటు వాడు నయం.

ఇందూరు_పిల్ల
మీ బాధ అర్థమైంది గానీ అందర్నీ ఒకే గాట కట్టకండి. మా డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రి ఇసబెల్ కెర్ అనే మిషన్ డాక్టరమ్మ పెట్టిందే. దానికి పెద్ద విరాళం ఇచ్చింది నర్సాగౌడ్ గారు, హిందువు.

బ్లాంటైర్_బాబాయ్
అదిగో! ఊరి డబ్బు ఉంటేనే ఏదైనా నిలబడుతుంది. సిస్టర్ లాంటివాళ్లు కాంట్రాక్టు మీద వస్తారు, జాలిపడతారు, ఫొటోలు దిగుతారు, వెళ్లిపోతారు. ఫీజు తీసేశాక ఖాళీ అల్మారా ముందు నిలబడి తిట్లు తినేది ఇక్కడి నర్సమ్మ.

మలావీ_సిస్టర్
బాబాయ్ గారూ, నేను ఫొటోలు దిగడానికి రాలేదు. ఒక బిడ్డ మందులకు నా జేబులోంచి కట్టినందుకు ఆఫీసులో అందరి ముందూ చివాట్లు తిన్నాను. రేపటి నుంచి అందరూ నీ దగ్గరికే వస్తారన్నారు. రానివ్వండి అన్నాను. మీరు ఊరి డబ్బు అంటున్నారే, ఆ ఊరికి మార్చిలో తినడానికి ఏముంటుందో ఎప్పుడైనా చూశారా? లేక బ్లాంటైర్ సిటీలో కౌంటర్ దగ్గర కూర్చుని లెక్కలేనా?

లుసాకా_అన్న
ఇద్దరూ కాస్త ఆగండి. సిస్టర్, ఒకటి అడుగుతాను. మీ క్లినికల్ ఆఫీసర్ ఏమంటాడు?

మలావీ_సిస్టర్
ఫీజు ఉండాలంటాడు.

ఆయన ఆ ఊళ్లోనే పుట్టాడు. మా ఇద్దరికీ పడనిది ఇక్కడే. ప్రభుత్వం కాన్పుల బకాయిలు ఎప్పుడు పంపుతుందో తెలియదు అంటాడు. 2025 జనవరిలో అమెరికా సాయం ఆపినప్పుడు హెచ్‌ఐవీ విభాగంలో పనిచేసేవాళ్లను ఇంటికి పంపేయాల్సి వచ్చింది. మీ విరాళాలు కూడా అంతే, ఎవరికో మనసు మారితే ఆగిపోతాయి, మా వాళ్లిచ్చే చిల్లర ఒక్కటే మమ్మల్ని ఎవరూ అడగకుండా మందులు కొనుక్కునే డబ్బు అంటాడు. నాకు ఆ మాటకు జవాబు దొరకదు. కానీ ఆ చిల్లర కోసం ఆగిపోయిన పిల్లల్ని జిల్లా ఆసుపత్రికి పంపే కాగితం రాసేది నేను.

బ్లాంటైర్_బాబాయ్
ఇది మొదటి పోస్టులోనే రాసి ఉంటే నేను అంత మాట అనేవాణ్ని కాదు. ఆయన చెప్పిందే నా మాట.

లుసాకా_అన్న
కాదు బాబాయ్. మీరు మందుల ఖర్చు అన్నారు. ఆయన పెత్తనం ఎవరిది అని అడుగుతున్నాడు. పన్నులు కట్టే జనానికి ప్రభుత్వాన్ని నిలదీసే హక్కు లేదా? 2001లో నైజీరియాలోని అబూజాలో ఆఫ్రికా దేశాలు బడ్జెట్‌లో 15 శాతం వైద్యానికి ఇస్తామని మాటిచ్చాయి. ఊరి చిల్లరతో నెట్టుకొస్తూ ఉంటే ఆ మాట ఎవరికి గుర్తుంటుంది?

బ్లాంటైర్_బాబాయ్
నిలదీయండి. జ్వరం ఆగుతుందా అప్పటిదాకా?

మలావీ_సిస్టర్
బుధవారం క్లినిక్ కమిటీ కూర్చుంటుంది, ఊరి పెద్ద కూడా వస్తాడు. ఐదేళ్లలోపు పిల్లలకు డిసెంబర్ నుంచి మార్చి వరకు ఫీజు వద్దని అడగబోతున్నాను. మా ఆఫీసర్ ఒప్పుకోడు. లుసాకా అన్నా, అక్కడ ఫీజు తీశాక మందుల కొరత ఎలా సర్దారో తెలిసినవాళ్లు ఉంటే కలపండి.

లుసాకా_అన్న
ఒక ఫార్మసీ ఆయన ఉన్నాడు. రేపు మాట్లాడి మెసేజ్ పెడతాను.

బ్లాంటైర్_బాబాయ్
ఫిబ్రవరిలో మందులు ఎవరు కొంటారో కూడా ఆ కాగితంలోనే రాయి తల్లీ.

పల్నాడు_గాలి
ప్రార్థన టైం మార్చమని కూడా అడగండి.