ఎం1 గరాండ్‌కి లెదర్ స్లింగ్ ఏది తీసుకోవాలి? హ్యూస్టన్ తేమలో బూజు పట్టకుండా ఎలా?

బాయూ_బావ:
అందరికీ నమస్తే. సిటిజన్‌షిప్ వచ్చాక సీఎంపీ (పాత సైనిక రైఫిళ్లని పౌరులకి అమ్మే అమెరికా సంస్థ) నుంచి ఎం1 గరాండ్, అదే రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైన్యం రైఫిల్, తెప్పించుకున్నా, ఇక్కడి రేంజ్‌లో 200 గజాల మ్యాచ్‌లు ఆడదామని ఉంది. దానికి ఎం1907 మోడల్ లెదర్ స్లింగ్, అంటే రైఫిల్‌కి తగిలించే తోలు పట్టీ, కావాలి. ఆన్‌లైన్‌లో చూస్తే పాతిక డాలర్లకీ దొరుకుతోంది, వంద దాటినవీ ఉన్నాయి, ఫొటోలో మాత్రం అన్నీ ఒకేలా కనపడుతున్నాయి, అసలు తేడా ఎక్కడుంటుందో తెలిసినవాళ్లు చెప్పండి. ఇంకోటి, హ్యూస్టన్ తేమ సంగతి తెలిసిందే కదా, క్లోజెట్‌లో పెట్టిన లెదర్ షూసే బూజు పడుతున్నాయి. స్లింగ్‌కి ఏ నూనె రాయాలి, ఎన్నాళ్లకోసారి రాయాలి? ఇంట్లో కొబ్బరినూనె ఉంది, పనికొస్తుందా?

ప్రోన్_పంతులు:
బ్రదర్, కంగ్రాట్స్, మంచి రైఫిల్. భుజాన మోయడానికే అయితే ఏ పట్టీ అయినా ఒకటే, కానీ నువ్వు మ్యాచ్ ఆడతానంటున్నావు కాబట్టి సాగని తోలు కావాలి, మిగతావన్నీ ఆ తర్వాతే. ఎం1907లో పొడుగు ముక్క ఒకటి, పొట్టి ముక్క ఒకటి, రెండు ఫ్రాగ్‌లు (రంధ్రాల్లో తగిలించే లోహపు కొక్కేలు), రెండు కీపర్లు (పట్టీ మీద జరిపే తోలు చుట్లు) ఉంటాయి, వెడల్పు 1.25 ఇంచ్. పడుకుని కాల్చేటప్పుడు పొడుగు ముక్కతో వేసిన లూప్ జబ్బకి బాగా పైన బిగించి కీపర్‌ని కిందికి నెట్టేస్తే రైఫిల్ బరువు కండ మీద పడకుండా పట్టీ మీద ఆగుతుంది. లూప్ కిందికి జారితే నాడి కొట్టుకోవడం సైట్‌లోనే తెలిసిపోతుంది. గరాండ్‌లో ముందు స్వివెల్‌ని (పట్టీ దూర్చే రింగు) లాగే బలం మారితే గుండు పడే చోటు కూడా మారుతుంది, అందుకే చాలామంది ఏ రంధ్రంలో పెట్టి కాల్చారో స్కోర్ బుక్‌లో రాసుకుంటారు. మరి తోలే సాగిపోతుంటే ఆ నంబర్ రాసుకుని ఏం లాభం చెప్పు.

పాతిక డాలర్ల వాటిలో చాలావరకు పల్చటి మెత్తటి తోలు, పైన రంగు పూత ఉంటుంది. చేతికొచ్చాక కోసిన అంచు చూడు, లోపలిదాకా ఒకే రకం పీచు దట్టంగా కనపడాలి, అంచు మీద పెయింట్ పొరలా ఉండి గోరుతో గీకితే లేచి వచ్చేస్తే రిటర్న్ చేసెయ్. మెరుపు వైపు పైకి ఉండేలా మడిచి చూడు, పూత పగిలినట్టు గీతలు పడితే అది కూడా వద్దు. తోలు మందాన్ని ఔన్సుల్లో చెప్తారు, 8 ఔన్సుల దగ్గర ఉంటే బాగుంటుంది, అంటే 3 మిల్లీమీటర్ల పైన. కీపర్ల కుట్టు కూడా చూడు, లాగుడంతా అక్కడే. బిగించేటప్పుడు ఫ్రాగ్‌లు బయటివైపుకి ఉండాలి, లేదంటే కర్ర మీద గీతలు పడతాయి.

తంగేడు_పువ్వు:
పంతులు గారు చెప్పింది కరెక్టే అండి, తోలు గురించి నేను ఇంకొంచెం చెప్తా, మాది తరాలుగా తోలు పని చేసిన ఇల్లు. కొనేటప్పుడు వెజిటబుల్ టాన్డ్ అని రాసి ఉందో లేదో చూడండి. అంటే చెట్ల బెరడుతో పదును చేసిన తోలు, మన ఊళ్లల్లో సున్నంలో వేసి వెంట్రుకలు తీసి తంగేడు చెక్క, కరక్కాయ నీళ్లల్లో రోజుల తరబడి నానబెట్టేవాళ్లు చూడండి, అదే పద్ధతి. అలాంటి తోలు గట్టిగా నిలబడుతుంది, క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణాలతో పదును చేసినది, మెత్తగా ఉండి సాగుతుంది, బ్యాగులకీ జాకెట్లకీ బాగుంటుంది కానీ ఇలాంటి పట్టీకి కాదు.

నూనె దగ్గర అందరూ ఎక్కువ ప్రేమ చూపిస్తారు, అక్కడే పట్టీ పాడవుతుంది. నూనె తాగిన తోలు సాగుతుంది. కొత్తదానికి అసలేం రాయకండి, వాడుతుంటే అదే మెత్తబడుతుంది. ముట్టుకుంటే పొడిబారినట్టు అనిపించినప్పుడు మాత్రం గుడ్డకి కొద్దిగా అంటించుకుని గరుకు వైపు నుంచి పల్చగా పట్టించి, ఒక రాత్రి వదిలేసి పొద్దున పొడిగుడ్డతో తుడిచెయ్యండి. ఇన్నాళ్లకోసారి అని లెక్క లేదండి. ఇక్కడ అందరూ వాడేది నీట్స్‌ఫుట్ ఆయిల్, అది పశువుల కాలి ఎముకల నుంచి తీసేది, ఇంట్లో ఇష్టపడకపోతే తేనెమైనం కలిసిన కండిషనర్ తీసుకోండి. కొబ్బరినూనె వద్దు, తోలు నల్లబడుతుంది, చలికి గడ్డ కడుతుంది. మన పెద్దవాళ్లు కిర్రు చెప్పులకి ఆముదం పట్టించేవాళ్లు కదా అని అదీ రాయకండి, చెప్పు మెత్తబడాలి, ఇది మెత్తబడకూడదు.

ఫ్రాగ్‌లు ఇత్తడివైతే తోలులోని కొవ్వుతో కలిసి పచ్చగా జిగట చిలుము పడుతుంది. పుల్లతో గీకి పొడిగుడ్డతో తుడవండి, దాని చుట్టూ నూనె తగలనివ్వకండి. వానలో తడిస్తే నీడలో ఫ్యాన్ కింద ఆరబెట్టండి, హెయిర్ డ్రయర్ పెట్టారంటే పెళుసెక్కి పగులుతుంది.

హిల్‌కంట్రీ_శీను:
నాది మ్యాచ్ కాదు, నవంబర్‌లో డీర్ సీజన్‌కి వెళ్తా. బావా, ఎవరైనా ఇది చదివి వేట రైఫిల్‌కి ఎం1907 కొంటారేమో, అది వద్దు, ఆ కొక్కేలు కదిలినప్పుడల్లా టకటకమంటాయి, అంత సద్దుకి జింక ఆగదు. వేట రైఫిళ్లకి ఎక్కువగా 1 ఇంచ్ స్వివెల్స్ ఉంటాయి, 1.25 పట్టీ ఇరుక్కుపోతుంది, కొలుచుకుని సింగిల్ పట్టీ తీసుకోండి. మరలతో బిగించే రకం పట్టీ అయితే సీజన్‌కి ముందు మరకి కాస్త నెయిల్ పాలిష్ చుక్క వెయ్యండి, నడుస్తుంటే లూజై పడిపోతాయి.

తేమ గురించి నేను గట్టిగా చెప్పేది ఒకటే, స్లింగ్ తీసెయ్యకుండా రైఫిల్‌ని స్పాంజ్ ఉన్న కేస్‌లో పెట్టి మూసెయ్యొద్దు. తోలు చెమటనీ తడినీ పట్టుకుని ఉంటుంది, అది ఇనుముకి ఆనుకుని ఉన్నచోటే తుప్పు మొదలవుతుంది. ఇంటికి రాగానే విప్పి, సేఫ్ బయట గాలి ఆడేచోట వేలాడదియ్యి, ప్లాస్టిక్ కవర్‌లో చుట్టొద్దు. బూజు కనపడితే బయటికి తీసుకెళ్లి పొడిగుడ్డతో దులిపి, తర్వాత శాడిల్ సోప్‌తో (తోలు శుభ్రం చేసే సబ్బు) తడి గుడ్డ పెట్టి తుడిచి ఆరబెట్టు.

బాయూ_బావ:
అందరికీ చాలా థ్యాంక్స్, వెజ్ టాన్‌దే ఆర్డర్ పెడతా. ఒక్క డౌట్, రేంజ్‌లో ఒకాయన 1943 ముద్ర ఉన్న ఒరిజినల్ బాయ్ట్ కంపెనీ స్లింగ్ అమ్ముతానంటున్నాడు, ఫ్రాగ్‌లు ఇనుపవి, అది అసలుదేనా? దాంతోనే కాల్చొచ్చా?

ప్రోన్_పంతులు:
యుద్ధంలో ఇత్తడికి కొరత వచ్చి ఇనుప ఫ్రాగ్‌లు వేశారు, కాబట్టి ఇనుము చూసి నకిలీ అనుకోకు, కానీ ముద్రలు కూడా నకిలీవి వేస్తారు కాబట్టి తెలిసినవాళ్లకి చూపించి కొను. కాల్చడానికి మాత్రం వద్దు తమ్ముడూ, 80 ఏళ్లు దాటిన తోలు, దారం, లూప్ బిగించి లాగితే రంధ్రాల దగ్గర చీలిపోతుంది. కొంటే రైఫిల్ పక్కన విడిగా పెట్టుకో, పాతదాన్ని చుట్టేటప్పుడు గట్టిగా మడవకు, వదులుగా చుట్టు.