కాగితం దిగుమతుల పోలిక: 2015లో జర్మనీ గీత ఎందుకు జారింది?

ప్రశ్న: ఐక్యరాజ్యసమితి వాణిజ్య లెక్కల భాండారం కామ్‌ట్రేడ్ నుంచి జర్మనీ, చైనాల కాగితం, అట్ట దిగుమతులు (సరుకులకు అంకెల గుర్తులిచ్చే అంతర్జాతీయ పట్టిక హెచ్‌ఎస్‌లో 48వ అధ్యాయం) 2005 నుంచి 2022 దాకా దించుకుని డాలర్లలో గ్రాఫ్ గీశాను. 2015లో జర్మనీ గీత జారింది. 2020కల్లా చైనాది లేచింది. జర్మనీలో కాగితం వాడకం తగ్గిందనీ, చైనాలో పెరిగిందనీ రాసేయొచ్చా? ఎల్లుండే ప్రాజెక్టు ఇవ్వాలండి.

జవాబు 1: ఆగండాగండి. 2015లో ముందు జారింది యూరో. 2014లో సగటున యూరోకి 1.33 డాలర్లు, 2015లో 1.11. జర్మన్ వ్యాపారి రెండేళ్లూ 100 యూరోల సరుకే తెప్పించుకున్నా మీ పట్టికలో 133 కాస్తా 111 అవుతుంది. నికర బరువు కాలమ్ తీసి ఇంకో గ్రాఫ్ గీయండి. బరువు గీత పెద్దగా కదలకపోతే సంగతి మారకం రేటుదే. కొన్ని వరసల్లో బరువు దేశం చెప్పింది కాదు, అంచనా కట్టింది. ఆ గుర్తు పక్కనే ఉంటుంది, చూసుకోండి.

2021, 22 విలువలతోనూ జాగ్రత్త. దిగుమతి విలువలో ఓడ కిరాయి, బీమా కలిసి ఉంటాయి. ఆ రోజుల్లో కంటైనర్ కిరాయిలు ఎలా మండిపోయాయో తెలిసిందే.

జవాబు 2: 2012 దగ్గర ఇంకో గొయ్యి ఉంది, నేను పడ్డాను కాబట్టి చెబుతున్నా. అంతకుముందు పిల్లల డైపర్లు, శానిటరీ న్యాప్‌కిన్లు 4818.40 కింద కాగితం లెక్కలోనే ఉండేవి. హెచ్‌ఎస్ 2012 సవరణలో వాటిని 9619కి తరలించారు. సరుకు ఎప్పటిలాగే వస్తున్నా 48వ అధ్యాయం చిక్కిపోయినట్టు కనబడుతుంది. 2011 దాకా మొత్తాల్లోంచి 4818.40 తీసేయండి, రెండు వైపులా ఒకే కొలత అవుతుంది. వారం రోజులు తల పట్టుకున్నాక దొరికింది నాకు!

ప్రశ్న అడిగినవారు: డైపర్లు కాగితమా! సరే, తీసేస్తా. మరి చైనా?

జవాబు 1: అక్కడ అసలు కథ గుజ్జు, చిత్తుకాగితం ఉండే 47వ అధ్యాయంలో ఉంది. చైనా మిల్లులు ఏళ్ల తరబడి విదేశీ చిత్తుకాగితంతో (4707) అట్టపెట్టెల కాగితం చేసేవి. 2018 నుంచి ప్రభుత్వం ఆ చిత్తుపై పట్టు బిగించి, 2021 జనవరి నుంచి పూర్తిగా ఆపేసింది. ముడిసరుకు కరువైంది కదా, చిత్తునుంచి తీసిన గుజ్జు (4706.20), పెట్టెలకు వాడే తయారైన కాగితం బయటినుంచి తెచ్చుకోవడం పెరిగింది. ఇదివరకు చిత్తుగా దిగిన పీచులో కొంత ఇప్పుడు కాగితంగా దిగుతోంది. 48 ఒక్కటే చూస్తే అది వాడకం పెరిగినట్టే అనిపిస్తుంది. అసలు వాడకం గురించి రాయాలంటే దిగుమతికి సొంత ఉత్పత్తి కలిపి, ఎగుమతి తీసేయాలి. జర్మనీ స్వయంగా పెద్ద ఎగుమతిదారు, మరిచిపోకండి.

జవాబు 3: చిన్న మాట. జర్మనీకి ఈయూ (ఐరోపా సమాఖ్య) దేశాల నుంచి వచ్చే సరుకు కస్టమ్స్ గుండా రాదు, కంపెనీలే నెలవారీ లెక్క ఇస్తాయి. చిన్న సంస్థలకు మినహాయింపు. చైనా లెక్క కస్టమ్స్ పత్రాలది. అంటే రెండు దేశాల లెక్కలూ ఒకే తీరున తీసినవి కావు.

ప్రశ్న అడిగినవారు: 4706.20, 4707 కూడా దించుకుంటున్నా. అచ్చయిన పుస్తకాలూ కలపనా?

జవాబు 2: వద్దండి, అవి 49వ అధ్యాయం. బరువు గ్రాఫ్ గీశాక ఇక్కడ పెట్టండి, చూద్దాం.