ఫాఫ్సా నింపడం: అమ్మాయి అమెరికా పౌరురాలు, మేము హెచ్-1బి, మధ్యలో పోయిన ఉద్యోగం, ఊళ్ళో ఆస్తి

ప్రశ్న (తెనాలి నుంచి డాలస్)

అందరికీ నమస్కారం. మా అమ్మాయి డాలస్ శివార్లలో పన్నెండో తరగతి చదువుతోంది, 2026 ఆగస్టులో కాలేజీలో చేరాలి. తను ఇక్కడే పుట్టింది కనుక అమెరికా పౌరురాలు. నేను హెచ్-1బి (ఉద్యోగ వీసా) మీద, నా భార్య హెచ్-4 (హెచ్-1బి వారి కుటుంబ సభ్యులకిచ్చే వీసా) మీద ఉన్నాము, గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ళుగా నిలబడి ఉన్నాము. ఈ జూన్‌లో నా ఉద్యోగం పోయింది. కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి వీసా వారికిచ్చే అరవై రోజుల గడువు ముగిసేలోగా ఇంకొకటి దొరికింది గానీ జీతం మూడో వంతు తగ్గింది.

ఇప్పుడు ఫాఫ్సా (కాలేజీ ఖర్చులకు ఫెడరల్ ప్రభుత్వ సహాయం అడిగే దరఖాస్తు) దగ్గర ఆగిపోయాము. తల్లిదండ్రులు పౌరులు కానప్పుడు పిల్లకు సహాయం రాదని మా మిత్రులు కొందరు గట్టిగా చెబుతున్నారు. ఫారం అడిగేది 2024 ఆదాయం. ఆ ఏడాది లెక్క చూసినవారెవరికీ మాకు సహాయం అవసరమనిపించదు. పైగా విజయవాడలో నా పేర ఒక ఫ్లాటు ఉంది, అందులో మా అమ్మానాన్నలు ఉంటున్నారు. తెనాలి దగ్గర రెండెకరాల మాగాణి నాకూ మా తమ్ముడికీ ఉమ్మడిగా ఉంది, కౌలుకిచ్చాము. వీటిని కూడా చూపించాలా? అసలు ఈ పరిస్థితిలో ఫారం నింపడం వల్ల ప్రయోజనం ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు (న్యూజెర్సీ, ఇద్దరు పిల్లల తల్లి)

నమస్కారమండీ. ముందుగా మీ మిత్రుల మాట పక్కన పెట్టండి. ఫెడరల్ సహాయానికి అర్హత విద్యార్థి పౌరసత్వాన్ని బట్టి ఉంటుంది, తల్లిదండ్రుల వీసాను బట్టి కాదు. మీ అమ్మాయికి పెల్ గ్రాంటు (తిరిగి కట్టనక్కరలేని సహాయం), వర్క్ స్టడీ (చదువుకుంటూ చేసే పార్ట్‌టైమ్ పని), విద్యార్థి రుణం అన్నింటికీ దరఖాస్తు చేసుకునే హక్కు ఉంది. మీ వీసా అడ్డుపడేది ఒక్కచోటే: తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ రుణం పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవారికీ తప్ప హెచ్-1బి వారికి ఇవ్వరు.

మీ అమ్మాయికి ఒక ఎఫ్‌ఎస్‌ఏ ఐడీ (ఫాఫ్సా నింపి సంతకం చేయడానికి ఆన్‌లైన్ ఖాతా), మీకు ఒకటి కావాలి. మీరిద్దరూ కలిపి టాక్స్ రిటర్న్ వేసి ఉంటే మీ ఒక్కరి సంతకం చాలు, మీ శ్రీమతి గారు విడిగా ఖాతా తెరవనవసరం లేదు. ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నుంచి మీ పన్ను వివరాలు నేరుగా తెప్పించుకోవడానికి అనుమతి అడిగే పేజీ ఒకటి వస్తుంది. అక్కడ భయపడి 'వద్దు' అంటే ఫెడరల్ సహాయం మొత్తం ఆగిపోతుంది కనుక తప్పకుండా ఒప్పుకోండి.

ఇక పోయిన ఉద్యోగం సంగతి. ఫారంలో 2024 అంకెలే ఉండాలి, వాటిని తగ్గించే ప్రయత్నం చేయవద్దు. నింపి పంపిన తరువాత, అమ్మాయి దరఖాస్తు పెట్టిన ప్రతి కాలేజీ ఆర్థిక సహాయ కార్యాలయానికీ విడివిడిగా ఉత్తరం రాయాలి. దీన్ని వాళ్ళు ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్ అంటారు. కుటుంబ పరిస్థితి మారినప్పుడు ఆ అంకెలను సవరించే అధికారం చట్టం వారికిచ్చింది. ఉద్యోగం తీసేసినట్టు కంపెనీ ఇచ్చిన ఉత్తరం, సెవరెన్స్ (ఉద్యోగం తీసేసేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము) వివరాలు, కొత్త ఉద్యోగం ఆఫర్ లెటర్, ఇటీవలి పే స్టబ్‌లు జతచేసి, 2025 మొత్తం ఆదాయం ఎంత ఉండబోతోందో ఒక పేజీలో లెక్కకట్టి చూపించండి. 2023లో మా వారి ఉద్యోగం పోయినప్పుడు, ఫోనులో ఎవరో 'ఫాఫ్సా అంకెలు మార్చడం కుదరదు' అంటే అదే ఆఖరి మాట అనుకుని మేము రెండు నెలలు ఊరుకుండిపోయాము. తరువాత కాగితాలతో సహా రాతపూర్వకంగా అడిగితే అదే కార్యాలయం మా ఫైలు మళ్ళీ తెరిచి గ్రాంటు పెంచింది. ఆ రెండు నెలలు ఎందుకు పోగొట్టుకున్నామా అని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

జవాబు (హ్యూస్టన్, పన్నుల లెక్కలు చూసే వృత్తి)

ఆస్తుల విషయం నేను చెబుతాను. మీరు కాపురముంటున్న ఇల్లు, 401కే వంటి రిటైర్మెంట్ ఖాతాలు ఫాఫ్సా లెక్కలోకి రావు. విజయవాడ ఫ్లాటు మాత్రం వస్తుంది, ఎందుకంటే అందులో ఉంటున్నది మీ అమ్మానాన్నలు, మీరు కాదు. తెనాలి పొలంలో మీ వాటా వరకే చూపాలి. పాసు పుస్తకంలో ఎవరి పేరుందో, ఎంత విస్తీర్ణమో ఒకసారి చూసుకోండి; మీ నాన్నగారి పేరనే ఉన్న భూమి ఏదైనా ఉంటే అది ఇంకా మీది కాదు. ఫారం సంతకం చేసే రోజు నాటి విలువలో అప్పు తీసివేసి, ఆనాటి మారకపు ధర ప్రకారం డాలర్లలో రాయాలి. ఇండియాలో ఉన్నది ఇక్కడెవరికి తెలుస్తుందని వదిలేసేవారిని నేను చూశాను. సంతకం పెట్టి తప్పు చెప్పడం ఎవరికైనా నేరమే, వీసా మీద ఉన్నవారు అసలే ఆ పని చేయకూడదు.

నిజం చెప్పినందువల్ల జరిగే నష్టం కూడా మీరనుకున్నంత ఉండదు. తల్లిదండ్రుల ఆస్తిలో ఆ ఏడాదికి లెక్కించేది ఎక్కువలో ఎక్కువ 5.64 శాతం. మీ ఫ్లాటూ పొలం వాటా కలిపి 80,000 డాలర్లనుకుంటే, స్టూడెంట్ ఎయిడ్ ఇండెక్స్ అనే సంఖ్యలో (ఫారం వివరాల నుంచి లెక్కకట్టేది, ఇది ఎంత తక్కువైతే సహాయం అంత ఎక్కువ) దానివల్ల పెరిగేది గరిష్ఠంగా 4,512 మాత్రమే. దానికంటే అమ్మాయి పేర ఉన్న ఖాతాలు చూడండి. పిల్లల పేరిట ఉన్న సొమ్ములో 20 శాతం లెక్కిస్తారు. తల్లిదండ్రులు తెరిచిన 529 (కాలేజీ చదువు కోసం పొదుపు ఖాతా)లో 10,000 డాలర్లుంటే ఇండెక్స్‌లో పెరిగేది 564, అదే పదివేలు పిల్లల పేరనే ఉండే యూటీఎంఏ ఖాతాలో ఉంటే 2,000. సెవరెన్స్ సొమ్ము ఇంకా బ్యాంకులో ఉంటే అదీ ఆస్తిగానే కనబడుతుంది కనుక, ఎలాగూ తీర్చవలసిన క్రెడిట్ కార్డు బాకీలుంటే సంతకానికి ముందే తీర్చేయండి.

ఇండెక్స్ ఎంత ఎక్కువ వచ్చినా మొదటి ఏడాది 5,500 డాలర్ల వరకు మీ అమ్మాయి తన పేరనే ఫెడరల్ రుణం తీసుకోవచ్చు, మీ హామీ సంతకం అక్కరలేదు. దానికి కూడా ఫాఫ్సాయే దారి.

జవాబు (అట్లాంటా, హెచ్-4 అబ్బాయి తల్లి)

మా అబ్బాయి హైదరాబాదులో పుట్టి రెండేళ్ళ వయసులో ఇక్కడికొచ్చాడు. ఒకటో తరగతి నుంచి ఇక్కడే చదివినా హెచ్-4 కనుక ఫాఫ్సాకు అర్హత లేదు. ప్రైవేటు కాలేజీల కోసం సీఎస్‌ఎస్ ప్రొఫైల్ (కాలేజీలు తమ సొంత సహాయం కోసం అడిగే వేరే ఫారం) నింపాము గానీ చాలా చోట్ల వాణ్ణి విదేశీ విద్యార్థుల లెక్కలోనే చూశారు. ఆర్థిక సహాయం అడిగిన సంగతిని ప్రవేశ నిర్ణయంలోకి తీసుకోకుండా విదేశీ విద్యార్థులకూ పూర్తి అవసరం తీర్చే కాలేజీలు హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ వంటివి కొన్నే, వాటిలో సీటు ఎంత కష్టమో మీకు తెలుసు. మా వాడు ఇన్-స్టేట్ ఫీజుతో రాష్ట్ర విశ్వవిద్యాలయంలో చేరాడు, ఇరవై ఒకటి నిండేలోగా ఎఫ్-1 (విద్యార్థి వీసా)కు మారాలి. మీ అమ్మాయికి ఆ చిక్కేమీ లేదన్నయ్యా. ఎవరో రాదన్నారని మాత్రం మానుకోవద్దు.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. పొలం మీద అపోహ తొలగింది. ఇంకొక్క మాట: అమ్మాయి ఒక ప్రైవేటు కాలేజీకి ఎర్లీ డెసిషన్ (సీటు వస్తే అక్కడే చేరతానని ముందే ఒప్పుకునే దరఖాస్తు) వేస్తానంటోంది. వేయనివ్వవచ్చా?

జవాబు (న్యూజెర్సీ, ఇద్దరు పిల్లల తల్లి)

ఆ కాలేజీ వెబ్‌సైటులో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (సహాయం పోను మీకు ఎంత ఖర్చవుతుందో అంచనా చెప్పేది) ఉంటుంది. అందులో ఒకసారి 2024 ఆదాయంతో, మరొకసారి ఇప్పటి జీతంతో లెక్క వేయించండి. మొదటి అంకె కూడా మీరు భరించగలిగేదైతేనే వేయనివ్వండి. ఇచ్చిన సహాయం చాలకపోతే ఆ ఒప్పందం నుంచి బయటపడే వీలున్నమాట నిజమే గానీ, ఇతర కాలేజీల ఆఫర్లతో పోల్చుకునే అవకాశం అప్పటికి ఉండదు. నేనైతే మీ పరిస్థితిలో రెగ్యులర్‌గా వేయించి, వసంతకాలంలో కాలేజీల సహాయం ఆఫర్ ఉత్తరాలన్నీ ఎదురుగా పెట్టుకుని చూస్తాను. వాటిలో గ్రాంటునూ రుణాన్నీ కలిపి ఒకే మొత్తంగా చూపేవి ఉంటాయి, రుణం తీసేసి లెక్కపెట్టుకోవాలి. సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అడిగే కాలేజీలు చాలావరకు మీరున్న ఇంటి విలువను కూడా చూస్తాయని గుర్తుంచుకోండి.

టెక్సాస్ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు ప్రాధాన్య గడువు జనవరి 15. ఈ శనివారమే మీరూ అమ్మాయీ పక్కపక్కన కూర్చుని ఎఫ్‌ఎస్‌ఏ ఐడీలు తెరవండి. తన ఖాతాకు స్కూలు ఈమెయిలు వాడనివ్వవద్దు, స్కూలు అయిపోగానే అది మూతపడవచ్చు, ఈ ఫారమేమో ప్రతి ఏడాదీ మళ్ళీ నింపాలి.