ఆర్వీలో డిస్నీ వరల్డ్‌కి: అత్తమామలతో, చంటిపిల్లాడితో కుదురుతుందా?

ఎడిసన్_కోడలు

అందరికీ నమస్కారం. ఏప్రిల్ స్ప్రింగ్ బ్రేక్‌కి ఓర్లాండో డిస్నీ వరల్డ్ అనుకుంటున్నాం. మేమిద్దరం, ఏడేళ్ల పాప, రెండేళ్లు దాటిన బాబు, కాకినాడ నుంచి వచ్చిన అత్తయ్యగారు, మావయ్యగారు. అత్తయ్యగారు బయట తిండి ముట్టరు. మావయ్యగారికి మోకాళ్ల నొప్పులు, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చకపోతే ఆ సాయంత్రం ఇక కదల్లేరు. అందుకని మా ఆయనకి ఆర్వీ, అంటే లోపలే పడకలు, వంటగది, బాత్రూము ఉండే బండి, తీసుకుందామన్న ఆలోచన వచ్చింది. ఇల్లు వెంటే ఉంటుంది, వంట చేసుకోవచ్చు, ఇక్కడి నుంచే నడుపుకుంటూ పోదాం అంటున్నారు. నాకేమో ఆ బాత్రూము సంగతి తలుచుకుంటేనే గుబులుగా ఉంది.

వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్. న్యూజెర్సీ నుంచి నడపడం మంచిదా, అక్కడికెళ్లి తీసుకోవడమా? ఎక్కడ దిగాలి? రోజూ పార్కుకి ఆర్వీలోనే వెళ్లాలా? లోపల పోపు పెట్టుకోవచ్చా?

జాక్సన్‌విల్_మావయ్య

నడపడం సంగతి ముందు తేల్చేద్దాం అమ్మా. ఎడిసన్ నుంచి ఓర్లాండో వెయ్యి మైళ్ల పైమాటే. మామూలుగా అద్దెకిచ్చేవి క్లాస్ సి బండ్లు, అంటే ముందు వ్యాను మూతి, డ్రైవరు నెత్తి మీద ఒక పడక ఉండేవి. గ్యాలనుకి 8, మహా అయితే 10 మైళ్లు ఇస్తాయి. పోవడానికే నూరు గ్యాలన్లు దాటుతుంది, రావడానికి మళ్లీ అంతే. చాలా చోట్ల రోజుకి ఇన్ని మైళ్లని ఉచితంగా ఇచ్చి, ఆపైన ప్రతి మైలుకీ వసూలు చేస్తారు. జనరేటర్ గంటల లెక్క వేరే.

రెండోది, ఐ-95 హైవే మీద బాల్టిమోర్. వంట గ్యాసు ట్యాంకు ఉన్న బండిని ఫోర్ట్ మెక్‌హెన్రీ టన్నెల్లోకి రానివ్వరు, హార్బర్ టన్నెల్లోకీ రానివ్వరు. ఇదివరకు ఆర్వీలవాళ్లు కీ బ్రిడ్జి మీదుగా దాటేవారు. 2024 మార్చిలో ఓడ గుద్ది అది కూలిపోయింది. ఇప్పుడు ఐ-695 పడమటి వైపు నుంచి ఊరంతా చుట్టి రావాలి. ఫోన్లో మ్యాపు మీది కారే అనుకుని తిన్నగా టన్నెల్లోకే తోలుతుంది, మీ ఆయనకి ఈ ముక్క ముందే చెప్పండి.

మూడోది పెద్దవాళ్ల గురించి. బండి పోతుంటే వెనక మంచం మీద పడుకోవచ్చు కదా అనుకుంటారు చాలామంది. కుదరదు, అందరూ బెల్టు పెట్టుకుని కూర్చోవాల్సిందే. బాబు కార్ సీటు ముందుకి చూసే సీటులోనే బిగించాలి, పక్కవాటు సోఫాలో పెట్టకూడదు. బండి బుక్ చేసేటప్పుడు పడకలెన్ని అని అడిగి ఊరుకోకండి. బెల్టులెన్ని, వాటిలో ముందుకి చూసేవెన్ని అని అడగండి.

నా మాట వింటే విమానంలో వెళ్లి ఓర్లాండోలోనే తీసుకోండి. ఔట్‌డోర్సీ, ఆర్వీషేర్ లాంటివాటిలో సొంత బండి అద్దెకిచ్చేవాళ్లు కొందరు సైటు దాకా తెచ్చి నిలబెట్టి, కరెంటు, నీళ్లు, మురుగు గొట్టం అన్నీ తగిలించి తాళాలు చేతికిచ్చి పోతారు. మీ ఆయన స్టీరింగు ముట్టుకునే పనే ఉండదు. పాపం, ఆయనకి అదే సరదా అయితే మాత్రం నేనేం చెయ్యలేను.

పాలమూరు_అక్క

ఎక్కడ దిగాలంటే నేనైతే ఫోర్ట్ విల్డర్నెస్ అనే అంట. డిస్నీవాళ్ల సొంత క్యాంప్‌గ్రౌండ్ అది. డిస్నీ వరల్డ్‌ల మొదటి పార్కు మేజిక్ కింగ్‌డమ్ 1971 అక్టోబర్ ఒకటిన తెరిస్తే ఇది అదే ఏడు నవంబర్ల తెరిచిన్రు. 750 ఎకరాలు, అంతా చెట్లు. సైటుకు పదిమంది దాక ఉండొచ్చు, మీరు ఆరుగురే.

చెల్లే, అసలు ముచ్చట ఇది. ఆర్వీని ఒక్కసారి నిలబెట్టినంక తిరిగి పోయే దినం దాక కదిలియ్యొద్దు. బయట యూఎస్-192 రోడ్డు పొడుగున, క్లెర్మాంట్ దిక్కు ప్రైవేటు ఆర్వీ పార్కులు చానా ఉన్నయి, అగ్గువ గూడ. కని ఆడ దిగితే పొద్దుగాల లేచి గొట్టాలు ఇప్పాలె, కరెంటు తీయాలె, పొయ్యి మీది గిన్నెలు, సింకుల గ్లాసులు అన్ని అల్మారలల్ల పెట్టాలె, అప్పుడు బండి తియ్యాలె. పార్కు కాడ ఆర్వీకి పార్కింగు కారు కంటె ఎక్కువ తీస్కుంటరు. రాత్రి ఆ పార్కింగ్ లాట్ల పండనియ్యరు. మాపటికి వచ్చి మల్ల అన్ని తగిలియ్యాలె. బయట ఉంటే వేరే కారు కిరాయికి తీస్కోవుడు తప్పదు.

ఫోర్ట్ విల్డర్నెస్‌ల ఆ తిప్పలు లేదు. లోపల తిరిగే బస్సులుంటయి. సెటిల్‌మెంట్ అనే జాగ కాడ పడవ ఎక్కితే సీదా మేజిక్ కింగ్‌డమ్ గేటు ముంగట దిగుతరు. కారుల పోయినోళ్లు ఎక్కడ్నో ఆపి, ఆడికెళ్లి మోనోరైలో, పెద్ద పడవో ఎక్కి మల్ల గేటుకు రావాలె. మోకాళ్ల నొప్పులున్న మనిషికి గీ ఫరక్ మస్తు. ఉరుములు మెరుపులు ఉంటే పడవలు ఆపుతరు, అప్పుడు బస్సు ఏస్తరు.

సైట్లల్ల రకాలున్నయి. టెంటు సైటు తీస్కోవద్దు, దానికి మురుగు లైను ఉండది. ఫుల్ హుక్-అప్, అంటే కరెంటు, నీళ్లు, మురుగు లైను మూడు ఉండేది, చాలు. పైసలు పెట్టగలిగితే ప్రిఫర్డ్ తీస్కో, అవి సెటిల్‌మెంట్‌కు దగ్గర, మావయ్య పడవ కాడికి నడిచి పోవచ్చు. ప్రీమియం అంటే పెద్ద పెద్ద బస్సు లెక్కటి బండ్లకు, మీకు అక్కర లేదు.

ఇగ బాత్రూము. ప్రతి లూపుల, అంటే సైట్ల వరుసల, కంఫర్ట్ స్టేషన్ అని ఉంటది, ఏసీ ఉంటది, స్నానాల గదులు, బట్టలు ఉతికే మిషన్లు ఉంటయి. ఆరుగురు స్నానాలు ఆర్వీల చేస్తే ఆరో మనిషికి ఉడుకు నీళ్లు దొరకయి. పెద్దోళ్లు ఆడ చేస్తేనే సుఖం. ఆర్వీ టాయిలెట్ రాత్రికి, బాబుకు.

లెక్కల_మాస్టారు

అందరూ ఆర్వీ అంటే చవక అన్న నమ్మకంతో మొదలుపెడతారు, అందుకే అడుగుతున్నా. అద్దె, ఇన్సూరెన్సు, డెలివరీ చార్జీ, శుభ్రం చేసినందుకు చార్జీ, డిస్నీ సైటు అద్దె, క్యాంప్‌గ్రౌండ్‌లో తిరగడానికి గోల్ఫ్ కార్టు కావాలంటే దాని అద్దె, విమానం టికెట్లు, ఎయిర్‌పోర్టు నుంచి బండి. డిస్నీవాళ్ల ఉచిత ఎయిర్‌పోర్టు బస్సు 2022 జనవరిలోనే ఆగిపోయింది. ఇవన్నీ ఒక కాగితం మీద కూడండి. స్ప్రింగ్ బ్రేక్ ధరల్లో హోటల్ కన్నా ఏమీ తక్కువ రాదు.

ఆ డబ్బుతో కిస్సిమ్మీలోనో డావెన్‌పోర్ట్‌లోనో ఇల్లే దొరుకుతుంది. నాలుగు బెడ్‌రూములు, నిండు వంటగది, వెనకాల ఈతకొలను. లేదూ అదే క్యాంప్‌గ్రౌండ్ కావాలంటే ఫోర్ట్ విల్డర్నెస్‌లోనే క్యాబిన్లున్నాయి. 2024లో పాతవి తీసేసి కొత్తవి పెట్టారు. ఆరుగురు పడుకోవచ్చు, వంటగది ఉంది, మురుగు గొట్టం తిప్పలు లేవు.

పాలమూరు_అక్క

మాస్టారు, క్యాబిన్ ముచ్చట మంచిగ చెప్పిన్రు, దొరికితే అదే తీస్కొమ్మంట. రేటు మాత్రం సైటుకు క్యాబిన్‌కు పొంతన లేదు. డావెన్‌పోర్ట్ ఇల్లు మీద నాకు నమ్మకం లేదు. పగటీలి వచ్చి పండుకుందామని అందరు అంటరు, ఆ ట్రాఫిక్ చూసినంక ఒక్కరు గూడ రారు. ఈ కుటుంబానికి మావయ్య నిద్రే అసలు పాయింటు గద.

ఒకటి మాత్రం. మేజిక్ కింగ్‌డమ్ పోయిన దినమే పగటీలి వాపసు రావుడు అల్కగ అయితది. ఎనిమల్ కింగ్‌డమ్ అనే ఇంకో పార్కు దూరం. లోపలి బస్సుల అవుట్‌పోస్ట్ అనే బస్టాపు దాక వచ్చి ఆడ ఇంకో బస్సు ఎక్కాలె. ఆ దినం మావయ్యను, అత్తమ్మను సైటు కాడనే ఉంచున్రి, లేకుంటే పార్కుల వీల్ చైర్ కిరాయికి తీస్కోన్రి.

ఎడిసన్_కోడలు

అక్కా, మావయ్యగారూ, మాస్టారూ, చాలా థాంక్స్ అండీ. క్యాబిన్లు మా తేదీలకి ఖాళీ లేవు, ఇప్పుడే చూశాను. సైట్లు ఉన్నాయి. మరి వంట? అత్తయ్యగారు ఇన్‌స్టంట్ పాట్, రైస్ కుక్కర్, ఇండక్షన్ స్టవ్, ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ అన్నీ సర్దేస్తున్నారు.

పోపుల_డబ్బా

మిక్సీ దింపేయండి, అది 230 వోల్టులది, ఇక్కడ మూలుగుతుంది గానీ నలగదు. కొబ్బరి పచ్చడి, అల్లం వెల్లుల్లి ముద్ద అన్నీ ఇంట్లోనే రుబ్బి గడ్డకట్టించి తీసుకెళ్లండి.

కరెంటు లెక్క చెప్తా, ఇది తెలియక రోజూ మెయిన్ పడిపోతూ ఉంటుంది జనాలకి. చిన్న ఆర్వీలు 30 ఆంపియర్లవి. 120 వోల్టులతో గుణిస్తే 3600 వాట్లు, బండి మొత్తానికీ అంతే. ఏసీ ఒక్కటే 1500 దాకా లాగుతుంది. ఇండక్షన్ ఫుల్లులో 1800. ఇన్‌స్టంట్ పాట్ వెయ్యి. ఏసీ నడుస్తుండగా ఇండక్షన్ పెట్టి, పైన ఇన్‌స్టంట్ పాట్ తగిలిస్తే బ్రేకరు పడిపోతుంది. ఏసీతో పాటు ఒక్కటే పెట్టుకోండి, రెండోది గ్యాసు పొయ్యి మీద. మైక్రోవేవ్ కూడా ఇందులో లెక్కే.

పోపు లోపల పెట్టకండి. పెట్టొచ్చు, ఎవరూ కాదనరు, కానీ పడక నుంచి పొయ్యికి రెండడుగులు. ఎండుమిర్చి చిటపటమనగానే పొగ అలారం మోగుతుంది, బాబు లేచి ఏడుస్తాడు, ఆ ఘాటు దిండ్లకి పట్టి మూడు రోజులుంటుంది. పైగా బండి ఓనరు శుభ్రం చార్జీ అదనంగా వేస్తాడు. సైటులో పిక్నిక్ బల్ల ఉంటుంది, బొగ్గుల గ్రిల్లు ఉంటుంది. బండి బయటివైపు ప్లగ్గు ఉంటే ఇండక్షన్ బల్ల మీద పెట్టి అక్కడే పోపు, అక్కడే అప్పడాలు. గ్రిల్లు మీద వంకాయ కాల్చి పచ్చడి చేస్తే అత్తయ్యగారు ఇక ఇంటికి రానంటారు. వండాక మాత్రం గిన్నెలన్నీ లోపల పెట్టేయండి, రాత్రికి రకూన్లు వస్తాయి.

ఫ్రిజ్ సంగతి బండి ఓనరుకి ముందే చెప్పండి. గ్యాసుతోనూ కరెంటుతోనూ నడిచే రకమైతే చల్లబడటానికి రాత్రంతా పడుతుంది. ముందురోజే ఆన్ చేసి ఉంచమనండి. లేకపోతే వెళ్లీ వెళ్లగానే పెట్టిన పెరుగు సాయంత్రానికి పులిసిపోతుంది.

పార్కులోకి తిండి తీసుకెళ్లొచ్చు. పులిహోర, చపాతీ కూర, దద్ధోజనం హాయిగా పట్టుకెళ్లండి. గాజు సీసాలు రానివ్వరు, ఆవకాయని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. విడి ఐసు కూడా వద్దంటారు, గడ్డకట్టే ప్యాకులు పెట్టుకోండి. మంచినీళ్లు కౌంటర్ హోటళ్లలో అడిగితే ఊరికే ఇస్తారు.

అన్నట్టు క్యాంప్‌ఫైర్ దగ్గర డిస్నీ కార్టూన్ ఉడతలు చిప్, డేల్ వస్తారు, పిల్లలు మార్ష్‌మెలోలు కాలుస్తారు. మామూలు వాటిలో జెలటిన్ ఉంటుంది. శాకాహారులైతే ఇండియన్ స్టోర్‌లో వెజ్ అని రాసి ఉన్నవి కొని పట్టుకెళ్లండి.

జాక్సన్‌విల్_మావయ్య

గుబులు పడ్డావు కాబట్టి ఆ గొట్టం సంగతి కూడా చెప్పేస్తా. రెండు ట్యాంకులుంటాయి. టాయిలెట్‌ది నల్ల ట్యాంకు, సింకు, స్నానం నీళ్లవి బూడిద ట్యాంకు. సైటులో మురుగు లైను ఉంది కదా అని నల్లదాని వాల్వు తెరిచి ఉంచకూడదు. నీళ్లు జారిపోయి గట్టిది అడుగున మిగిలి పేరుకుపోతుంది. మూసి ఉంచి, ముప్పాతిక నిండాక తెరవాలి. ముందు నల్లది, అది ఖాళీ అయ్యాక బూడిదది. ఆ సబ్బు నీళ్లతో గొట్టం కడిగినట్టవుతుంది. చేతికి గ్లవ్స్ తప్పనిసరి.

నల్ల ట్యాంకుకి నీళ్లు ఎంత పోస్తే అంత మంచిది. మగ్గు అలవాటున్న మన పెద్దవాళ్ల వల్ల ఈ విషయంలో లాభమే. వెట్ వైప్స్ మాత్రం అందులో వెయ్యకూడదు, బాబువి కూడా. సింకులో పప్పు గిన్నె, నూనె మూకుడు తిన్నగా కడగకండి, పేపర్ టవల్‌తో తుడిచి అప్పుడు కడగండి. ఫ్లోరిడా ఎండకి బూడిద ట్యాంకులో రెండు మెతుకులు కుళ్లినా బండంతా కంపు.

పార్కుకి వెళ్లేముందు బండి పక్కనుండే గుడ్డ పందిరి మడిచేసి వెళ్లండి. గాలికి అది విరిగితే డిపాజిట్ మీద ఆశ వదులుకోవచ్చు. చెరువు గట్టున పిల్లల్ని నీళ్ల అంచుకి పోనివ్వకండి, ఫ్లోరిడాలో నీళ్లున్న చోటల్లా మొసళ్లుంటాయనే అనుకోవాలి.

ఎడిసన్_కోడలు

అయితే డెలివరీ ఆర్వీ, ప్రిఫర్డ్ సైటు ఖాయం చేస్తున్నాం. మా ఆయన కాస్త నీరసపడ్డారు కానీ, బాల్టిమోర్ సంగతి చదివాక మారు మాట్లాడలేదు. ఆఖరి ప్రశ్న. టికెట్లు, రైడ్ల దగ్గర పెద్ద లైను తప్పించే లైట్నింగ్ లేన్ పాసు ఎప్పుడు తీసుకోవాలి? పక్క మీద ఎవరెక్కడ?

పాలమూరు_అక్క

బాబుకు మూడేండ్లు నిండకుంటే టికెట్ అక్కర లేదు, పాపకు పిల్లల టికెట్, పదేండ్ల నుంచి పెద్దోళ్ల లెక్క. డిస్నీ జాగల దిగేటోళ్లకు లైట్నింగ్ లేన్ ఏడు దినాల ముంగట తెరుస్తరు, బయటోళ్లకు మూడు దినాలే. క్యాంప్‌గ్రౌండ్ గూడ హోటల్ లెక్కనే, మీకు ఏడు దినాలు. పొద్దుగాల అందరికంటె అర్ధగంట ముంగట పార్కులకు పోనిస్తరు గూడ. మేజిక్ కింగ్‌డమ్‌ల సెవెన్ డ్వార్ఫ్స్ రైలు రైడుకు 38 అంగుళాల ఎత్తు కావాలె, బాబు ఎక్కలేడు. రైడర్ స్విచ్ అని అడుగున్రి, ఒకరు బాబు కాడ ఉంటే ఇంకొకరు పాపతోటి పోయి వస్తరు. వాళ్లు వచ్చినంక రెండోవాళ్లు మల్ల పెద్ద లైన్ల నిలబడకుంట పోవచ్చు.

పండుకునుడు: వెనక మంచం పెద్దోళ్లకు. కని బండి ఫోటోలల్ల చూడు, మంచానికి మూడు దిక్కుల గోడ ఉంటే లోపలి మనిషి రాత్రి లేవాలంటే ఇంకొకర్ని దాటి రావాలె. రెండు పక్కల దిగే మంచం ఉన్న బండే అడుగు. డ్రైవర్ నెత్తి మీది పడక పాపకు, అంచుకు జాలి ఉందో లేదో చూస్కో. బల్ల మడిస్తే మీకు, బాబుకు. ఎక్కే మెట్లు నిలువుగ ఉంటయి, మావయ్య కోసం ఒక గట్టి పీట, పట్టుకునే కమ్మీ ఉన్నయా అని ఓనర్‌ను ఇప్పుడే మెసేజ్ పెట్టి అడుగు.